జారుము, జాగ్రత్త

అక్కా,

నేను బాగున్నాను, అమ్మకి చదివి వినిపించు. ఈ పనీ వదిలేశాననుకుంటున్నారేమో, వదల్లేదు. అడవిలో జలపాతాలు చూడ్డానికి వచ్చేవాళ్ళని నడిపించుకెళ్తున్నాను. నెలరోజులు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు కదా. నిన్నటితో నెల అయింది.

పోయిన వారం నాచు పట్టిన మెట్ల దగ్గర బోర్డు రాయమన్నారు. "జారును, జాగ్రత్త" అని రాయాల్సింది, "జారుము, జాగ్రత్త" అని రాసేశాను. మా పెద్ద గైడు, "రమ్మని పిలిచి మరీ జారమంటున్నావేంట్రా!" అని మొట్టికాయ వేశాడు. ఇక ఇంటికే అనుకున్నాను. తీరా చూస్తే, వచ్చినవాళ్ళంతా అక్కడ ఆగి, చదివి, నవ్వుకుని, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని దిగుతున్నారు. వారంలో ఒక్కరూ పడలేదు. నిన్న ఆయనే, "దాన్ని చెరపకు. నువ్వూ ఎక్కడికీ పోకు" అన్నాడు. పని ఖాయమైంది!

ఇక్కడ జలగలు ఎక్కువ, పొడుగు మేజోళ్ళు రెండు జతలు పంపు. అమ్మ మోకాలు ఎలా ఉంది? నాన్న కోపం తగ్గిందా?

పెద్ద జలపాతం కింద మడుగు దగ్గర బోర్డు కూడా నన్నే రాయమన్నారు. "లోతు ఎక్కువ, దిగరాదు" అని నువ్వే తప్పుల్లేకుండా రాసి వెంటనే పంపు. అక్కడ మాత్రం ఎవరూ నవ్వకూడదు.

పెద్దవాళ్ళకి దండాలు, పాపకి ముద్దులు.

నీ తమ్ముడు