లోపలికి మడిచిన మెట్లు

నవంబర్ 3, సోమవారం

దారాల ఏజెంటు ప్రతి ఏడూ నాకొక డైరీ ఇస్తాడు. ప్రతి ఏడూ అందులో కాలర్ బొమ్మలు గీసి అవతల పారేస్తాను. ఈసారి రాయదగ్గ సంగతి జరగడానికి నవంబర్ దాకా పట్టింది.

ఈరోజు షాపుకి ఒక ఆర్టిస్ట్ వచ్చింది. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని, అదే కళ్ళజోడు కోసం సంచీ అంతా గాలిస్తోంది. చూపించాను. నవ్వేసి, మాస్టారూ, మీరు మెట్లు కుడతారా అంది.

చొక్కాలు కుట్టాను, కోట్లు కుట్టాను. ఈ చుట్టుపక్కల పిల్లల స్కూలు యూనిఫాంలన్నీ నావే. ఒకాయన మారాం చేస్తే ఆయన కుక్కకి స్వెట్టర్ కూడా కుట్టాను. మెట్లు మాత్రం ఎవరూ అడగలేదు. కుడతాను అన్నాను. ఎలాగన్నది తర్వాత ఆలోచించుకోవచ్చు.

పెద్ద హాల్లో సీలింగు నుంచి వేలాడే మెట్లదారి. అంతా పల్చటి తెల్లగుడ్డ. ఎక్కడానికి కాదు, మధ్యలోంచి నడుస్తూ చూడటానికి. దాన్ని ఇన్‌స్టలేషన్ అంటారట. ఇరవై రెండో తారీఖున ఓపెనింగ్.

నవంబర్ 4, మంగళవారం

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ బియ్యం ఏరుతూ వింది. మా వాడే ఎగిరిపడ్డాడు. వాడు రెడీమేడ్ షోరూములో ఫ్లోర్ మేనేజరు. అక్కడి చొక్కాలు ఎవరి కోసమూ కుట్టినవి కావు, అందుకే అందరికీ పడతాయంటాడు. నాన్నా, పోయిన నెల బ్యాంకు మేనేజరుగారి కోటుకి ఒక చెయ్యి పొట్టిగా కుట్టావు, ఇప్పుడు బిల్డింగులు కుడతావా, షాపు మూసెయ్యమని ఎన్నిసార్లు చెప్పాలి అన్నాడు.

ఆ కోటు సంగతి నిజమే. ఆయన ఎడమ భుజం కిందికి జారి ఉంటుంది, అది సరిచేయబోయి ఎక్కువ సరిచేశాను. పని తెలిసినవాడు చేసే తప్పు అది. అయినా కోటు తప్పే కదా.

సరేరా, ఈ మెట్లు చెడితే కత్తెర నీ చేతిలో పెట్టి ఇంట్లో కూర్చుంటాను అన్నాను. మీ అమ్మే సాక్షి. మా ఆవిడ తలెత్తి, మాట మాటేనా అంది. మాటే అన్నాను.

అన్నాక అనిపించింది, కొంచెం తక్కువ మాట్లాడి ఉండాల్సింది. అది నాకు చిన్నప్పట్నుంచీ చేతకాదు.

నవంబర్ 6, గురువారం

గీతలమ్మాయి గదికి వెళ్ళాను. ఆర్టిస్ట్‌కి ఆ పేరు నేనే పెట్టాను, ఆవిడకి తెలియదు.

గోడల నిండా డ్రాయింగులు. అన్నీ బిల్డింగులే. ముందు గోడ కోసేసి గదులన్నీ ఒకేసారి చూపించినది ఒకటి. తలుపు వెనక తలుపు, దాని వెనక ఇంకో తలుపు, అన్నీ ఓరగా తెరిచి ఉన్నది ఒకటి. ఇంకోదాంట్లో వరండా తిరిగి తిరిగి తన గోడలోకే దూరిపోయింది. స్కేలు వాడదు. గీతలు దూరం నుంచి సూటిగా ఉంటాయి, దగ్గరికి వెళ్తే వణుకుతుంటాయి. మా పెద్ద బావగారు కూడా అంతే.

ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. ఏమ్మా, అందరూ ఖాళీ చేసి వెళ్ళిపోయారా అని అడిగాను. మీరు నిలబడ్డారుగా మాస్టారూ అంది.

ఆ మాట ఇంటికొచ్చేదాకా నాతోనే నడిచింది. ఆలోచిస్తే మాకిది కొత్తేమీ కాదు. కట్ చేసిన చొక్కాని బల్ల మీద పరిస్తే ముందు ముక్క, వెనక ముక్క, రెండు చేతులు దేనికది పడి ఉంటాయి. అందులో ఒక మనిషి దూరతాడంటే ఎవరూ నమ్మరు. ఆవిడ గోడ మీద ఉన్నవీ కట్ చేసిన ముక్కలే. తొడుక్కునేవాడు వచ్చేదాకా అలా వేలాడుతుంటాయి. నాకు చదువు చెప్పినవాళ్ళెవరూ లేరు. గుడ్డలు చుట్టి వచ్చిన పేపర్లు చదివి నేర్చుకున్నాను. అయినా ఆ బొమ్మలు అర్థమయ్యాయంటే అయ్యాయి.

నవంబర్ 9, ఆదివారం

కొలతలు వచ్చాయి. మెట్టు ఎత్తు చూస్తే మతిపోయింది. నా మోకాలి దాకా ఉంది. రెయిలింగ్ నా తల దాటి పోయింది. ఎవరెక్కుతారమ్మా వీటిని, ఒంటెలా?

ఫోన్ చేశాను. కొలతలు కరెక్టేనా అని అడిగితే, కరెక్టే మాస్టారూ, ఏమీ మార్చకండి అంది.

అందరూ అదే అంటారు. ఒక బ్యాంకు క్లర్కు ఉండేవాడు. నడుము కొలిచేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట వెన్నుకి అంటించేవాడు. పాత కొలతేనండీ, ఏమీ మార్చకండి అనేవాడు. నేను తలూపి, చెప్పకుండా కాస్త లూజు ఇచ్చేవాణ్ణి. ప్యాంటు తొడుక్కుని, చూశారా, నా నడుము పెరగలేదు అని మురిసిపోయేవాడు. ఆయన రిటైరయ్యేదాకా మా ఇద్దరి మధ్యా ఆ అబద్ధం హాయిగా నడిచింది. కస్టమర్ పొరపాటు కస్టమర్‌కి తెలియకుండా దిద్దేవాడే టైలర్.

అందుకని దిద్దాను. మా మేడ మెట్లకి టేపు పెట్టి కొలిచి, మెట్టుని మెట్టంత చేశాను, రెయిలింగ్‌ని చేతికందే ఎత్తుకి దింపాను. పాపం ఆ అమ్మాయి ఎక్కడో లెక్క తప్పింది. చూసి థాంక్స్ చెబుతుంది.

నవంబర్ 13, గురువారం

కుట్టు సగమైంది. షాపులో గుడ్డ తప్ప ఏమీ కనిపించడం లేదు. ఎదురుగా ఇస్త్రీ బండి ఆయన తొంగి చూసి, గురూ, ఎవరో చాలా లావాటాయన లుంగీ ఆర్డర్ ఇచ్చినట్టున్నాడే అన్నాడు.

కొలత తగ్గించినచోట బోలెడు గుడ్డ మిగిలింది. కొయ్యలేదు. లోపలికి మడిచి కుట్టేశాను. యూనిఫాంలు కుట్టీ కుట్టీ చేతికి అదే అలవాటు. పిల్లలు పెరుగుతారు కదా, జూన్‌లో కుట్టిన లంగా జనవరికి పొట్టిదవుతుంది. మడత విప్పితే ఇంకో ఏడాది గడుస్తుంది. మెట్లు పెరగవని నాకూ తెలుసు. చెయ్యి వింటేనా?

నవంబర్ 15, శనివారం

మెడ పట్టేసింది. మెట్లు మాత్రం బ్రహ్మాండం.

నవంబర్ 18, మంగళవారం

హాల్లో వేలాడదీశారు. కార్పెంటర్ నిచ్చెన మీంచి ఒక్కో తాడూ లాగుతుంటే ల్యాండింగ్ లేచింది, మలుపు తిరిగింది, రెయిలింగ్ నిలబడింది. ఒక్క ముడత లేదు. నా అంతవాణ్ణి నేనే అనుకుంటూ ఆవిడ ముఖం చూశాను.

గీతలమ్మాయి మెట్ల పక్కన నిలబడి రెయిలింగ్ మీద చెయ్యి వేసింది. చెయ్యి ఇట్టే అందింది. చెయ్యి వెనక్కి తీసుకుని, ఇవి నా మెట్లు కావు మాస్టారూ అంది.

నేనింకా హుషారులోనే ఉన్నాను. కొలత తప్పితే నేనే దిద్దానమ్మా అన్నాను.

అప్పుడు చెప్పింది. వాళ్ళమ్మ టెలిఫోన్ ఆఫీసులో పై అంతస్తులో ఆపరేటరు. పిల్లల్ని లోపలికి రానివ్వరు. స్కూలు అయిపోయాక ఈ పిల్ల అమ్మ డ్యూటీ దిగేదాకా ఆ మెట్ల మీదే కూర్చునేది. మెట్టు మోకాలి దాకా వచ్చేదట, రెయిలింగ్ అందుకోవాలంటే చెయ్యి బాగా పైకెత్తాలట. ఆ బిల్డింగు ఇప్పుడు లేదు. నాకు మిగిలింది ఆ ఎత్తు ఒక్కటే మాస్టారూ, ఇక్కడికొచ్చే ప్రతి పెద్దమనిషీ ఒక్క నిమిషం అంత చిన్నవాడు కావాలని ఆ కొలతలు రాశాను అంది. అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా చెప్పింది.

ఆ పిల్ల కూర్చున్న మెట్లని నేను నా సైజుకి కుట్టాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పలేదు. కత్తెరకి నూనె పెట్టి తుడిచాను. మా వాడికి ఇచ్చేదేదో శుభ్రంగా ఉన్నదే ఇవ్వాలి.

నవంబర్ 19, బుధవారం, ఉదయం ఏడు

ఫోన్. గీతలమ్మాయి. వెనక లైట్లు వేసి చూసిందట. ప్రతి మెట్టుకీ అడ్డంగా నల్లటి పట్టీ కనిపిస్తోందట. అవేమిటి మాస్టారూ అంది.

మిగిలిన గుడ్డమ్మా, కొయ్యకుండా లోపలికి మడిచాను అన్నాను.

ఎంత మిగిలింది అంది.

అంతా అన్నాను. అంటుండగా నాకు వెలిగింది. అవతల ఆ పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఉతికిన చొక్కా కోసం కూడా ఆగలేదు, నిన్నటిదే తొడుక్కుని పరిగెత్తాను.

నవంబర్ 20, గురువారం

విప్పుతున్నాం. మా ఆవిడకి నిజం చెప్పేశాను. కళ్ళజోడు పెట్టుకుని బ్లేడు పుచ్చుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. చెప్పినట్టు చేస్తే పోయేదిగా అని ఒక్కసారి అంది. మళ్ళీ అనలేదు. మళ్ళీ అనకపోవడం ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు.

మడత విప్పినచోటల్లా ఒక గీత మిగిలింది. దాని వెంట సూది బెజ్జాలు. ఇస్త్రీ ఆయన పెట్టె పట్టుకుని హాలుకే వచ్చాడు. నీళ్ళు చల్లాడు, ఆవిరి పట్టాడు, తిట్టాడు. గీత పోలేదు. గురూ, ఈ ఊళ్ళో మెట్లకి ఇస్త్రీ చేసిన మొదటివాణ్ణి నేనే, ఓడిపోయినవాణ్ణీ నేనే అన్నాడు.

గీతలమ్మాయి లైట్లు వేయమంది. వేస్తే ఆ బెజ్జాల్లోంచి వెలుతురు కారింది. ప్రతి మెట్టు మీదా చుక్కల వరస. దూరం నుంచి సూటిగా, దగ్గరికి వెళ్తే కొంచెం వణుకుతూ. పక్కన పెట్టుకున్న తన డ్రాయింగు చూసింది, మెట్లు చూసింది. పెట్టె తీసెయ్యండి బాబాయ్, చాలు అంది.

నవంబర్ 22, శనివారం

ఓపెనింగ్. జనం బాగా వచ్చారు. ఒకాయన గడ్డం నిమురుకుంటూ స్పేస్ గురించి చాలా చెప్పాడు. నాకు సగం అర్థమైంది, ఆయనకి ఎంత అర్థమైందో తెలియదు. కానీ అంతటివాడూ ల్యాండింగ్ దగ్గరికి రాగానే రెయిలింగ్ అందుకోవడానికి మునివేళ్ళ మీద లేచాడు. అందరూ లేస్తున్నారు. ఎవరూ చెప్పకుండానే లేస్తున్నారు.

నేనూ వెళ్ళాను. నా చేత్తో కుట్టినదే కదా, నాకేం కొత్త అనుకుంటూ వెళ్ళాను. తలెత్తితే పైన మెట్లు, ఇంకా పైన మెట్లు. పైనుంచి ఎవరో దిగి వస్తారని నిలబడిపోయాను. మా అమ్మ ఎప్పుడూ ఏ ఆఫీసులోనూ పని చెయ్యలేదు. అయినా నిలబడ్డాను.

మా వాడు వచ్చాడు. మెట్టు దగ్గర వంగి ఆ చుక్కల గీత మీద వేలు పెట్టి, నాన్నా, ఇది నా స్కూలు నిక్కరు గీత కదూ అన్నాడు. ప్రతి ఏడూ మడత విప్పి ఇచ్చేవాడివి, క్లాసంతా నన్ను గీత గీత అని ఏడిపించేవాళ్ళు అన్నాడు. కోపంగా అనలేదు. వేలు మాత్రం అక్కణ్ణుంచి తియ్యలేదు.

నేను మాట మీద నిలబడేవాణ్ణి. సంచీలోంచి కత్తెర తీసి ఇవ్వబోయాను. ఒరేయ్, చెడగొట్టాను, నిజమే, తర్వాత దిద్దాను, అదీ నిజమే, మాట మాటే అన్నాను.

వాడు వాళ్ళమ్మ వైపు చూశాడు. సాక్షి ఆవిడ కదా. ఆవిడ కత్తెర నా చేతిలోంచి తీసుకుని, తిప్పి చూసి, మళ్ళీ నా సంచీలోనే పడేసింది. దిద్దుకోవడానికి గుడ్డ ఉంచుకున్నారు కదా, ఇంకా పనికొస్తారు అంది. ఈసారి ఎవరైనా ఏమీ మార్చొద్దంటే మార్చకండి అని కూడా అంది. నా వైపు చూడకుండా, మెట్ల వైపు చూస్తూ అంది.

నవంబర్ 26, బుధవారం

షాపు తెరిచాను. పని లేదు. ప్యాంటు కాళ్ళకి అడ్డం పడుతుంటే టేపు తీసి నన్ను నేనే కొలుచుకున్నాను. ఎత్తు తగ్గాను.

ప్యాంటు పొట్టి చేసుకున్నాను. కొయ్యలేదు. లోపలికి మడిచాను.