ఆరింటికి నీళ్లు వదులుతారు

సెప్టెంబర్ 9, మంగళవారం. రాత్రి 8:15

సాయంత్రం 6:20కి గట్టు కింద రెండు వీధులు మునిగాయి. 4:40 బులెటిన్‌లో మా రేడియో ముందే చెప్పింది. ప్రాణనష్టం లేదు. పద్నాలుగు మందికి దెబ్బలు తగిలాయి. ఇస్త్రీ బండి ఆయనకు కాలు రెండు చోట్ల విరిగింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు ఖాళీ డ్రమ్ము పక్కన కూర్చుని ఉన్నారు. మూడు రోజులుగా కుళాయి రావడం లేదు. ఆరింటికి వదులుతారని మీ రేడియోలోనే కదమ్మా చెప్పారు, మనకూ వస్తాయని డ్రమ్ము కడిగి పెట్టుకున్నాను, చుక్క రాలేదు, మీ మాటలన్నీ నీటి మూటలే అన్నారు.

నవ్వబోయి ఆగిపోయాను.

8:40

మధ్యాహ్నం రిజర్వాయర్ ఇంజినీరు ఫోన్ చేశాడు. గేట్లెత్తి ఆరింటికి వదులుతున్నాం, గట్టు కింద వాళ్లకు చెప్పండి అన్నాడు. నేను రాసింది: "గట్టు కింద వీధుల వారికి గమనిక. రిజర్వాయర్ గేట్లెత్తి ఈ సాయంత్రం ఆరింటికి నీళ్లు వదులుతారు." బులెటిన్ రెండు నిమిషాలు దాటుతోంది. ఎర్ర పెన్నుతో రెండు మాటలు కొట్టేశాను. రిజర్వాయర్, గేట్లెత్తి. అవి లేకపోయినా అర్థమవుతుందనుకున్నాను.

అర్థమైంది. వేరేగా.

సెప్టెంబర్ 10

ఆసుపత్రికి వెళ్లాను. ఇస్త్రీ ఆయన మంచం మీద ఉన్నాడు. ఆయన భార్య మాట్లాడింది. వీధి వీధంతా బిందెలు పట్టుకుని కుళాయి దగ్గర లైను కట్టామండీ, నీళ్లు వచ్చాయి గానీ వెనక నుంచి వచ్చాయి అంది. నిలబడి చేసే పని కదా, ఇక ఎలాగో ఏమో అంది. రేడియో వాళ్ల మీద, ఫిర్యాదులు చూసే అథారిటీకి ఉత్తరం రాశానంది. మీరెవరండీ అని అడిగింది. రిపోర్టర్ని అన్నాను. అబద్ధం కాదు.

సెప్టెంబర్ 15

అథారిటీ నుంచి నోటీసు. ఫోన్లు, టీవీలు, రేడియోలు, తపాలా, అన్నీ చూసేది వాళ్లే. నోటీసు రిజిస్టర్ పోస్టులోనే వచ్చింది. ఆ బులెటిన్ రికార్డింగు, స్క్రిప్టు, సంజాయిషీ వారంలోగా పంపాలి.

డైరెక్టర్ తలుపు వేసి నన్ను కూర్చోబెట్టారు. చదివేవాడి నోరు జారితే స్టేషన్‌కు హెచ్చరికతో పోతుంది, స్క్రిప్టులోనే తప్పుంటే లైసెన్స్ ముప్పై రోజులు సస్పెన్షన్, మన స్టేషన్ నెల రోజులు మూగబోతే మళ్లీ గొంతు రాదు, తొమ్మిది మందిమి రోడ్డున పడతాం అన్నారు. ఆ రెండు మాటలూ ఉన్న స్క్రిప్టు కొత్తగా ప్రింటు తీయించారు. న్యూస్‌రీడర్ చదవడం మరిచాడని సంజాయిషీ. పాతది చించెయ్యమన్నారు.

చించలేదు. బ్యాగులో పెట్టుకున్నాను.

సెప్టెంబర్ 16

కొత్త స్క్రిప్టు కింద సంతకం పెట్టాను.

సెప్టెంబర్ 22

మా న్యూస్‌రీడర్‌ను అందరం కంచుకంఠం అంటాం. ముప్పై ఒక్క ఏళ్లుగా చదువుతున్నాడు. విచారణ 30న, రావాలని ఆయనకు పిలుపొచ్చింది. అప్పటిదాకా మైకు ముందుకు రావద్దని డైరెక్టర్ చెప్పారు. ఈ నేరం నిలబడితే ఏ స్టేషన్‌లోనూ చదవనివ్వరు.

క్యాంటీన్‌లో ఎదురుపడ్డాడు. మైకు ముందు గుటక కూడా మింగనమ్మా, రెండు మాటలు మింగేశానంటున్నారు అని నవ్వాడు. తర్వాత నవ్వలేదు. నువ్వు రాశావంటే రాసే ఉంటావు, నాకే కళ్లు తప్పి ఉంటాయి, వయసు అన్నాడు.

టీ ఒలికింది. నేనే ఒలికించాను.

సెప్టెంబర్ 24

నిద్ర లేదు. పచ్చకామెర్లా ఏమిటి ఆ మొహం అని అత్తగారు.

సెప్టెంబర్ 27, శనివారం

కంచుకంఠం ఆసుపత్రికి వెళ్లి ఇస్త్రీ ఆయన్ని క్షమించమని అడిగాడట. ఇస్త్రీ ఆయన భార్యే చెప్పింది. మంచం పక్కన నిలబడి, రెండు మాటలు వదిలేశాను తల్లీ, ఎలా వదిలేశానో నాకే తెలియడం లేదు అన్నాడట. పెద్దాయన, తిట్టబుద్ధి కాలేదండీ, కుర్చీ వేశాను అంది.

నా వృత్తిలో ఇరవై రెండేళ్లు. తప్పు వార్త వేస్తే మర్నాడు సవరణ వేస్తాం. ఇప్పటికి పద్దెనిమిది రోజులు. చెయ్యని తప్పు ఆయనకు గుర్తుకొచ్చేలా చేశాను.

సెప్టెంబర్ 29. మధ్యాహ్నం 3:30

అథారిటీ ఆఫీసు. ఫోన్ ఫిర్యాదులకు మూడో కౌంటరు, ఉత్తరం పోతే ఐదు, రేడియో మీదైతే ఏడు అని ప్యూను వరసగా అప్పగించాడు. ఏడులో గుమాస్తా ఎవరి మీదండీ అన్నాడు. నా మీదే అన్నాను. దానికి కౌంటరు లేదమ్మా అన్నాడు. అంటూనే నేనిచ్చిన పాత స్క్రిప్టు అటూ ఇటూ తిప్పి, ఎర్ర గీత దగ్గర కాసేపు ఆగి, ముద్ర వేశాడు. కొత్త స్క్రిప్టు అబద్ధమని, సంతకం నాదేనని వేరే కాగితం మీద రాసిచ్చాను.

4:10

బయట మెట్ల మీద నుంచి డైరెక్టర్‌కు ఫోన్ చేసి చెప్పాను. తొమ్మిది మందికీ నువ్వే చెప్పుకో అన్నారు. మొదటి ఫోన్ కంచుకంఠానికి చేశాను. నేను కొట్టేశానండీ, మీరు ఉన్నది ఉన్నట్టే చదివారు అన్నాను. అయితే నా కళ్లు బాగానే ఉన్నాయన్నమాట అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

సెప్టెంబర్ 30. ఉదయం 7:10

విచారణ 11:00కు, నాలుగో అంతస్తు. పిలిచే వరుస మార్చారు. ముందు నన్ను. ఈ రోజు 4:40 బులెటిన్ ఉంటుందో లేదో ఇంకా ఎవరూ చెప్పలేదు.