కుండలో నిప్పు

శనివారం రాత్రి, మత్తిగిరి

చివరి రోజున కూడా సరోజ తన నవల గురించే మాట్లాడింది. ఆసుపత్రి మంచం మీద సగం ఇడ్లీ తిని ప్లేటు పక్కన పెట్టింది.

"నా కథలో వానకు కొండ మీది కృష్ణగిరి కోటలో పొయ్యిలన్నీ ఆరిపోయినాయి. ఒక పిల్ల కింద నుంచి కుండలో నిప్పులు మోసుకొని పోవాల. పైకి చేరేదాకా ఉంటాయా? ఆ పిల్లని కొండ కిందే నిలిపేసినాను. మీరు ఎక్కి చూసి రండి."

మోకాళ్ల నొప్పులు మొదలైనప్పటి నుంచి ఆమె రాసే దారులన్నీ నేనే నడిచి చూసేవాణ్ణి.

"ఆరిపోతే?" అన్నాను.

"మా ఆయనకు ఊదేది చేతకాలేదని రాస్తాను," అని నవ్వింది. సాయంత్రానికి పోయింది.

ఈరోజు ప్రచురణకర్త ఫోన్ చేశాడు. "మేడమ్ ఆపిన కాడికే అచ్చేసేద్దామా సార్? లేకుంటే ఆ పిల్ల కోట చేరిందని మీరే ఒక మాట రాసేయండి."

నిప్పు ఉంటుందో లేదో తెలియకుండా ఆ మాట ఎలా రాయను? ఆగమన్నాను. మూత పెడితే ఆరుతుందా? తీస్తే గాలికి త్వరగా కాలిపోతుందా? బూడిద ఎంత కప్పాలో...

రేపు ఉదయం మొదటి బస్సుకు కృష్ణగిరి వెళ్తాను. కొండ కింద కట్టెల పొయ్యి ఉన్న టీ అంగడిలో నిప్పులు అడిగి కుండలో పోసుకుంటాను. ఊదుకుంటూ ఎక్కుతాను.