మెరిట్ పేరు పక్కన ఖాళీ

ఏప్రిల్ 27, ఆదివారం

ఆరాధన అయ్యాక స్కూల్ జిమ్‌లో కుర్చీలు మడతపెడుతుంటే రత్నకుమారి ఆంటీ నా చేతిలో ఒక కాగితం పెట్టారు. ముప్పై రెండు పేర్లు, ఫోన్ నంబర్లు. అందరూ మా తెలుగు సహవాసం వాళ్ళే. కిందటేడు ఆంటీ దగ్గరుండి కన్సర్వేటివ్ పార్టీలో మెంబర్లుగా చేర్పించారు. ఇప్పుడు పార్టీకి కొత్త లీడర్‌ని ఎన్నుకోవాలి. బ్యాలెట్ పోస్టులో వస్తుంది. పోటీలో ఉన్నవాళ్ళ పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని మనకు నచ్చిన వరస వెయ్యాలి.

నేను ఫోన్ చేసి చెప్పవలసింది చాలా చిన్నది. ఒకటి హోలిస్‌కి. తర్వాతవి మీ ఇష్టం. మెరిట్ పేరు పక్కన మాత్రం ఖాళీగా వదిలేయండి.

సరే అన్నాను. ఈ మధ్య అన్నిటికీ సరే అంటున్నాను.

ఏప్రిల్ 29

నేను పనిచేసే ల్యాబ్‌లో లంచ్ టైమ్. కారులో కూర్చుని ఎనిమిది కాల్స్ చేశాను. ఏడుగురు ఆమెన్ అన్నారు. దేవసహాయం అంకుల్ మాత్రం వాదించారు.

"హోలిస్ మనోడే తల్లీ, నేనేం కాదన్ను. కానీ ఆయన్ని చూసి మన మిస్సిసాగా ఊళ్ళో బయటోళ్ళు ఎవరేస్తారు? మెరిట్ అయితే నాలుగు ఓట్లు లాగుద్ది. గెలవకుండా ఇంట్లో కూర్చుని మనం ఎంత నీతిగా ఉంటే ఏం లాభం?"

 కాగితం వెనక ఆంటీ రాసిచ్చిన మాటలే చదివాను. ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు. చివర్లో, నీ ఆరోగ్యం ఎలా ఉందమ్మా అని అడిగారు.

మే 1

టాక్స్‌లు, క్రైమ్, ఇళ్ళ ధరలు. వీటిల్లో హోలిస్ చెప్పేదీ మెరిట్ చెప్పేదీ ఇంచుమించు ఒకటే. తేడా ఒక్కచోటే. అబార్షన్ మీద చట్టం తెచ్చే ఆలోచన లేదని, అది ఆ తల్లీ ఆమె డాక్టరూ చూసుకోవలసిన విషయమని మెరిట్ అంది. ఆమెను వద్దనడానికి మా వాళ్ళకు ఆ ఒక్క వాక్యం చాలు.

మే 4

నిన్న మా ఇంట్లో ప్రార్థన కూడిక. అందరికంటే గట్టిగా మాట్లాడింది రేవంతే. మా ఆయన. మెరిట్‌ని చివరి నంబర్‌గా కూడా పెట్టొద్దు, ప్రాణం విషయంలో అడ్జస్ట్‌మెంట్ లేదు అన్నాడు. చెయ్యి పైకెత్తి మరీ అన్నాడు. అప్పుడు నేను టీ పోస్తున్నాను. ఒక్క చుక్క ఒలకలేదు.

మే 5, ఉదయం 6.10

రాసేస్తాను. ఎవరూ చదవరు.

ఫిబ్రవరి పదకొండు. ఇరవై వారాల స్కాన్. బిడ్డకి పుర్రె ఏర్పడలేదు. పుట్టినా కొన్ని గంటలే అని డాక్టర్ రెండుసార్లు చెప్పింది. మొదటిసారి మాకు అర్థం కాలేదనుకుంది. రేవంత్, నేను పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చున్నాం. హీటర్ వేసి ఉంది. మాట్లాడుకున్నామో లేదో గుర్తులేదు. రెండ్రోజుల తర్వాత హాస్పిటల్‌కి వెళ్ళి సమ్మతి ఫారం మీద సంతకం పెట్టాను. పెన్ను అందించింది అతనే.

అందరికీ పోయింది అని చెప్పాం. అంతవరకూ నిజమే.

రత్నకుమారి ఆంటీ పన్నెండు రోజులు వరసగా వచ్చారు. మిరియాల చారు, మెత్తటి అన్నం. నా తల దువ్వారు. నా బట్టలు ఉతికారు. దేవుని చిత్తం అమ్మా అన్నారు. నేను తలూపాను.

ఆ తర్వాత రేవంతూ నేనూ దాని గురించి ఒక్క మాట అనుకోలేదు.

మే 6

మిగిలిన కాల్స్ చెయ్యలేదు.

మే 17, శనివారం

మెరిట్ మీటింగ్ ఒక బాంక్వెట్ హాల్లో. దేవసహాయం అంకుల్ కారులో తీసుకెళ్ళారు. ఆవిడలో ఏదో చూడాలని వెళ్ళాను. ఏమీ లేదు. జలుబు చేసి ఉంది, మాటిమాటికీ నీళ్ళు తాగింది. చైల్డ్‌కేర్ గురించి చెప్పినవి నాకు నచ్చలేదు. ఒకాయన అబార్షన్ ప్రశ్న అడిగాడు. ఆవిడ అదే వాక్యం మళ్ళీ అంది. వెనక వరసల్లో కొందరు బూ అని గేలి చేశారు. ఆవిడ మాట మార్చలేదు, గొంతు పెంచలేదు. తర్వాతి ప్రశ్నకి వెళ్ళింది.

వచ్చేటప్పుడు అంకుల్, ఏమంటావ్ అన్నారు. ఆలోచిస్తాను అన్నాను. మూడు నెలల్లో సరే కాకుండా ఇంకో మాట అనడం ఇదే మొదలు.

మే 24

డైనింగ్ టేబుల్ మీద రెండు బ్యాలెట్లు, గుర్తింపు కోసం వాటితో పంపాల్సిన రెండు లైసెన్స్ కాపీలు. రేవంత్ హోలిస్‌కి ఒకటి వేసి మిగతావి వదిలేశాడు. నేను మెరిట్ పేరు పక్కన ఒకటి వేశాను.

"రాంగ్ ప్లేస్‌లో వేశావ్" అన్నాడు.

కాదన్నాను.

చాలాసేపు ఆ అంకెను చూశాడు. లేచి బయటికి వెళ్ళి గడ్డి కోశాడు. నిన్న కోసిన గడ్డే.

మే 25

కవర్లన్నీ కలిపి కొరియర్ చెయ్యడానికి ఆంటీ మా ఇంటికి వచ్చారు. ఇచ్చేసి ఊరుకోవచ్చు. నా ఓటు మెరిట్‌కి అని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. నిలబడే చెప్పాను.

ఆంటీ కూర్చున్నారు. "పన్నెండు రోజులు నీ పక్కనే ఉన్నా గదే సుధా. నాకెందుకు చెప్పలా?"

"చెబితే వచ్చేవారా ఆంటీ?"

ఆంటీ ఒళ్ళో ఉన్న కవర్ల అంచులు సరిచేశారు. 

"తెలీదు" అన్నారు. "నిజంగా తెలీదమ్మా."

తర్వాత, బాబా పాపా అని అడిగారు. పాప అన్నాను. పేరు పెట్టారా అన్నారు. లేదన్నాను.

నా కవర్ తీసుకుని మిగతావాటి మధ్యలో పెట్టి రబ్బర్ బ్యాండ్ వేశారు. గుమ్మం దగ్గర ఆగి, "నేను ఇప్పటికీ తప్పనే అంటాను" అన్నారు. చెప్పులు వేసుకోవడానికి నా భుజం పట్టుకున్నారు. వేసుకున్నాక కూడా కాసేపు వదల్లేదు.

జూన్ 14

హోలిస్ గెలిచాడు. జిమ్‌లో కేక్ కోశారు. రేవంత్‌ని అందరూ భుజం తట్టారు. ఆంటీ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు.  కేక్ తినలేదు.

జూన్ 15

రేవంత్ బాత్రూంలోకి వెళ్ళి నలభై నిమిషాలైంది. షవర్ నడుస్తోంది. ఆ శబ్దం వెనక వెక్కిళ్ళు.

తలుపు కొట్టాను.

గడియ తీశాడు.