అడ్డపొగ ఆనవాలు

రాయపూర్,
12-3-1953

చిరంజీవి సౌభాగ్యవతి బంగారమ్మను అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేనూ మీ అయ్యా క్షేమం. మీ అత్తగారూ పిల్లలూ కులాసా అని తలుస్తాను. అయ్య దగ్గు తగ్గింది. నీ తమ్ముడు సూరిబాబు పోయాక అన్నం సరిగా తింటున్నావా అని అడిగావు. అది చివర్న చెబుతాను. ముందు ఇది విను, ఒక చిక్కుముడి విప్పి గెలిచానే!

ఈ రైల్వే క్వార్టరుకి సున్నం వేయిస్తూ, పాతవాళ్లు వదిలేసిన చెక్కపెట్టె జరిపితే కింద ఒక కార్డు దొరికింది. ఏడేళ్ల కిందటిది. తలుపు సందులోంచి పోస్టుమాన్ తోస్తే పెట్టె కిందికి పోయినట్టుంది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపు నుంచి పరదేశి అనే కుర్రాడు రాశాడు. అయ్య మీద అలిగి పారిపోయాడట. అందుకే కాబోలు, పైన అయ్య పేరు లేదు. "అమ్మకు" అని, క్వార్టరు నంబరు, అంతే. "నామీద కోపం పోతే ఒక్క ముక్క రాయించు. రాకపోతే నన్నొద్దన్నావనుకుంటాను. అడ్డపొగ మానెయ్యవే, నోరు కాలిపోతాది" అని ఉంది.

ఇరుగుపొరుగు అందరూ కొత్తవాళ్లే. కానీ అడ్డపొగ, అదే నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ఆడవాళ్లు ఈ బీడీల ఊళ్లో ఎంతమందుంటారు? స్టేషన్ దగ్గర మనవైపు పొగాకు అమ్మే దానయ్యనడిగాను.

"నువ్వూ మొదలెట్టేసినావేటప్పా?" అని నవ్వాడు. "ముగ్గురున్నారు. ఇద్దరి కొడుకులూ ఇక్కడే నౌకరీ. మూడోది పైడమ్మ, ఇప్పుడు మోవా పల్లెలో ఉంటాది. పెనిమిటి పోనాడు, క్వార్టరు ఖాళీ చేసేసింది."

మోవా దాకా నడిచే వెళ్లాను. పైడమ్మ వాకిట్లో పిడకలు కొడుతోంది. నీకు పరదేశి అనే కొడుకున్నాడా అంటే నోట్లో చుట్ట తీసి, "ఉండేవోడు. మమ్మల్ని మరిసిపోనాడు" అంది. నాకొచ్చిన చదువుతో కూడబలుక్కుని కార్డు చదివాను.

"మల్లీ సదువు" అంది. నాలుగుసార్లు చదివించింది.

జవాబు నా చేత్తోనే రాసి, నాలుగు మూలలా పసుపు అద్ది పోస్టు డబ్బాలో వేశాను. ఆ అబ్బాయి ఇంకా అదే వర్క్‌షాపులో ఉన్నాడు! మొన్న ఆదివారం స్టేషన్లో రైలు దిగాడు, పెళ్లాంతో, చంకలో బిడ్డతో. తల్లి నోటికేసి చూసి, "ఇంకా మాన్లేదేటే అమ్మా?" అన్నాడు. పైడమ్మ చుట్ట పట్టాల మీదికి విసిరి, ముందు చెంప మీద ఒకటిచ్చి, తర్వాత వాటేసుకుంది.

బంగారమ్మా, ఒకటి దాచాను. కార్డు దొరికిన రోజు నాకు కడుపు మండింది. ఎవరి కొడుకో రాసుకున్నాడు, నా సూరిబాబు ఇక రాయడు. ఆ కార్డును బియ్యం డబ్బాలో పాతేశాను. పది రోజులు దానిమీది బియ్యమే వండాను, ముద్ద దిగలేదు. పదకొండో రోజు గిద్దెతో తీస్తుంటే "ఒక్క ముక్క రాయించు" అన్నది పైకి తేలింది. తల్లీ కొడుకూ ఇద్దరూ బతికే ఉండొచ్చు, మధ్యలో చావులా నేనే కూర్చున్నానని తెలిసింది.

నిన్న వాళ్లంతా మనింట్లోనే తిన్నారు. సూరిబాబు పీట పరదేశికి వేశాను. "పెద్దమ్మా, నువ్వూ కూకో" అన్నాడు.

నువ్వడిగావు కదా. తిన్నానే తల్లీ. మారు వడ్డించుకుని తిన్నాను.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ
తాయారమ్మ