నల్లగీత కింద పేరు

ది హేగ్,
ఆదివారం మధ్యాహ్నం.

నా ఇరాక్లీకి,

అమ్మ నీ నుదుటి మీద ముద్దు పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వూ, నాన్నా, మాక్వాలా అత్తయ్యా కులాసాగా ఉన్నారనీ, నాన్న మోకాలు మాత్రం మాట వినడం లేదనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. క్లచ్ తొక్కే కాలు కాబట్టి కనీసం పది రోజులు వ్యాను ఇంకొకరికి అప్పగించమను. ఆ వ్యానెక్కి త్సల్తూబో ఊరికి వెళ్ళేవాళ్ళు నాన్న లేకపోయినా వెళ్తారు. ఈ మాట నేనన్నానని చెప్పు, నువ్వన్నావని చెబితే వినడు.

ముందు అత్తయ్య ప్రశ్నలకు జవాబులు రాసేస్తాను, లేకపోతే ఈ ఉత్తరం నీ చేతిలోంచి లాక్కుంటుంది. అవును, వేళకు తింటున్నాను. లేదు, చిక్కిపోలేదు. త్కెమాలి పచ్చడి సీసా పగలకుండా చేరింది, మూత దగ్గర కొంచెం కారి, సీసాకు చుట్టి పంపిన నీ చొక్కా మీద పడింది, అంతే. ఆ చొక్కా చలికి నేనే వేసుకుంటున్నాను. ఆఫీసుకు కాస్త పచ్చడి పట్టుకెళ్ళాను. మా విభాగం పెద్ద ఈనెకె నీకు తెలుసు కదా, ముప్ఫయ్యేళ్ళుగా మధ్యాహ్నం రొట్టే జున్నూ తప్ప ఇంకేమీ తినని మనిషి. వేలికొనకు అద్దుకుని నాకి, "ఎతేరి, ఇది కూరలోకా, గాయాల మీదకా?" అంది. మర్నాడు ఖాళీ డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అత్తయ్యకు ఇంతకన్నా పెద్ద పొగడ్త నేను రాయలేను.

ఇక నీ ప్రశ్నలు. రెండే అడిగావు. మొదటిది తేలిక: "మీ కోర్టులో ఇంటర్న్‌లుగా ఎలాంటివాళ్ళను తీసుకుంటారు, వాళ్ళు అక్కడ నిజంగా ఏం చేస్తారు?"

నిజం చెప్పాలంటే ఎక్కువ భాగం చదువుతారు. ఒక్కొక్క సాక్షి చెప్పింది వందల పేజీలు ఉంటుంది. అందులో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నది ఏరి ఒక వరసలో పెట్టి మాకిస్తారు, మేం జడ్జీలకిస్తాం. వాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. ఎండాకాలం వచ్చిందంటే ఇక్కడ కుర్రకారు అంతా సైకిళ్ళేసుకుని సముద్రం ఒడ్డుకు పోతుంది. వీళ్ళు మాత్రం కిటికీ తెరలు దించుకుని కాగితాల మీద వంగి ఉంటారు. ఏ దేశం నుంచో వచ్చి, నలుగురు కలిసి ఒక చిన్న వాటాలో సర్దుకుని, వానలో, ఎదురుగాలిలో సైకిలు తొక్కుకుంటూ వచ్చి, తడిసిన సాక్సులు హీటరు మీద ఆరేసుకుని పనిలో కూర్చుంటారు. ఒకళ్ళూ విసుక్కోరు. పన్నెండేళ్ళుగా చూస్తున్నాను, ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

ఈసారి నా దగ్గరకు వచ్చిన అమ్మాయి పేరు సెనామి. బెనిన్ నుంచి వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, నవ్వితే చేయి అడ్డం పెట్టుకుంటుంది. ఒక ముసలి సాక్షి చెప్పిన తొమ్మిది వందల పేజీలు ఆమెకు ఇచ్చాను. ఆ సాక్షిని ఎదుటి పక్షం లాయరు ఒక పూటంతా నిలబెట్టి, నువ్వు అబద్ధాలకోరువని రుజువు చేసినంత పని చేశాడు. ముసలాయన చివరికి "నేను చెప్పిందే చెప్తున్నాను" అని తల దించుకున్నాడు. మేం కూడా ఆయన మాట మీద ఆశ వదిలేసుకున్నాం.

మూడో వారంలో ఒక ఉదయం సెనామి నా తలుపు దగ్గర నిలబడింది.

"మేడమ్, ఒక చనిపోయినాయన లారీ నడుపుతున్నాడండీ," అంది.

"ఏమన్నావు?"

"నలభయ్యో పేజీలో సాక్షి వాళ్ళ అంకుల్‌ని పాతిపెట్టేశారండీ. మూడు వందల పన్నెండో పేజీలో ఆ అంకులే లారీ తోలుకుంటూ వచ్చి ఈయన్ని ఊరు దాటించాడు."

"తెలుసు. ఆ లాయరు పట్టుకున్నదీ అదే. ముసలాయన తడబడ్డాడు."

"ఆయన తడబడలేదేమోనండీ," అంది నెమ్మదిగా. "మనం తడబడ్డామేమో. మా ఇంట్లో అమ్మ తోడబుట్టినాయన్ని ఒకలా పిలుస్తాం, నాన్న తోడబుట్టినాయన్ని ఒకలా. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఇద్దరూ అంకులే కదండీ."

మన భాషలో కూడా ఇద్దరికీ ఒకటే మాట. అందుకే ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్న నాకు ఆ అనుమానమే రాలేదు. అనువాదకుల చేత రికార్డు మళ్ళీ వినిపించాం. రెండు వేరే మాటలు. చనిపోయింది మేనమామ, లారీ తోలింది బాబాయి. ముసలాయన మొదటి నుంచీ చెబుతున్నది అక్షరాలా నిజం. తప్పు దిద్ది రికార్డుకెక్కించారు. ఆ సాయంత్రం జడ్జిగారు తనే మా అంతస్తుకు దిగి వచ్చి, "అంకుళ్ళను విడదీసిన అమ్మాయి ఎవరు?" అని అడిగారు. సెనామి లేచి నిలబడింది. ఆయన ఆమె బల్ల మీది కాగితాలు కాసేపు చూసి, "సాక్షికి ఉత్తరం రాయిస్తున్నాను. అందులో ఏముండాలో నువ్వే చెప్పు," అన్నారు. ఆమె ఒకటే చెప్పింది: "ఆయన మాట మాకు అర్థమైందని రాయండి."

ఇలాంటివాళ్ళను తీసుకుంటారు నాన్నా.

అయితే ఈ అమ్మాయి విషయంలో నేను గొప్పగా ప్రవర్తించానని అనుకోకు. మొదటి రెండు వారాలు ఆమె ముఖం సరిగ్గా చూడలేదు. బాగానే రాసిన కాగితాన్ని రెండుసార్లు తిప్పి పంపాను. ఒకరోజు సూటిగానే అడిగింది: "మేడమ్, నా మీద మీకేమైనా కోపమా? ఏదైనా తప్పు చేసుంటే చెప్పండి, దిద్దుకుంటాను."

"నీ మీద కాదమ్మా, నీ కుర్చీ మీద," అని నోరు జారాను.

పాపం, ఆమెకేం తెలుసు. మర్నాడు వచ్చి చూస్తే ఆ కుర్చీ లేదు. పక్కగదిలోంచి ఒక పాత చెక్క కుర్చీ తెచ్చి వేసుకుని కూర్చుంది. "అది కిర్రుమంటోంది కదండీ, మీకు ఇబ్బందిగా ఉన్నట్టుంది," అంది. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. మంచి కుర్చీని నేనే వెతికి తెచ్చి ఆమె దగ్గర పెట్టాను. అప్పటినుంచి నా మనసు కొంచెం దారిలో పడింది.

ఆ కుర్చీతో నాకు పేచీ ఏమిటో చెప్పడానికే ఈ ఉత్తరం. అది నీ రెండో ప్రశ్నకు జవాబు.

"నా దరఖాస్తులో ఏం తక్కువైంది? దాపరికం లేకుండా చెప్పు, అక్కడే పనిచేస్తున్నావు కాబట్టి కనుక్కోగలవు," అని రాశావు. నువ్వు మా కోర్టుకు దరఖాస్తు పెట్టినట్టు నాకు ముందు చెప్పలేదు. తిరస్కరించారని వచ్చాక చెప్పావు, అదీ ఫోనులో కాదు, ఉత్తరంలో. నేను కనుక్కోవలసిన పని లేదు ఇరాక్లీ. నాకు మార్చి నుంచి తెలుసు. ఆ తర్వాత నాలుగుసార్లు ఫోనులో చెప్పబోయి ఇక్కడి వానల గురించి మాట్లాడాను.

దరఖాస్తులు చదివే ముగ్గురిలో ఈ ఏడాది నేనొకదాన్ని. మాకిచ్చే కాగితాల మీద పేరు, దేశం, ఊరు, కాలేజీ, అన్నిటి మీదా నల్లగీత కొట్టి ఉంటుంది. నంబరు ఒక్కటే కనిపిస్తుంది. పద్నాలుగో నంబరు దరఖాస్తు ట్రాములో చదవడం మొదలుపెట్టి, దిగవలసిన చోట దిగలేదు. యుద్ధంలో ఇల్లు పోగొట్టుకున్న ఒక పెద్దాయన గురించి అది. ఇల్లు తనదని చూపించడానికి ఆయన దగ్గర ఒక్క కాగితమూ లేదు. దరఖాస్తు రాసిన లా విద్యార్థి ఆయన దగ్గర నాలుగు మధ్యాహ్నాలు కూర్చున్నాడు. పత్రాలేవని అడగలేదు. పొద్దున్నే ఎండ ఏ కిటికీలోంచి పడేది, బావి నుంచి వంటింటికి ఎన్ని అడుగులు, పక్కింటి కుక్క ఎటువైపు కట్టేసి ఉండేది అని అడిగాడు. చెప్పినదాన్ని బట్టి ఒక పటం గీశాడు. ఆ తర్వాత పాతకాలం విమానంలోంచి తీసిన ఫోటో సంపాదించి దాని పక్కన పెట్టి చూశాడు. బావితో సహా సరిపోయింది. "కాగితం లేని మనిషికి జ్ఞాపకం ఉంటుంది, దాన్ని అడిగే పద్ధతి మనకు తెలియాలి," అని రాశాడు.

ఇరవైకి పందొమ్మిది వేశాను. ఒక వాక్యం మరీ పొడుగైందని ఒక మార్కు తగ్గించాను.

మార్కులన్నీ కూడాక ఒక గురువారం ఈనెకె పేర్లున్న కాగితం విప్పింది. "అందరికన్నా పైన పద్నాలుగో నంబరు. ఇరాక్లీ కిక్నాద్జె, కుతైసి," అని చదివి నా వైపు తిరిగింది. "మీ దేశం అబ్బాయే. నీకు తెలుసా?"

నీది నాన్న ఇంటిపేరు, నాది మా పుట్టింటి పేరు. కాగితం చూసినవాళ్ళకు మనిద్దరం ఎవరికెవరమో తెలిసే వీల్లేదు.

"మా దేశంలో చాలామంది ఉన్నారు," అన్నాను.

అదీ నేనన్న మాట. పన్నెండేళ్ళుగా సాక్షుల చేత నిజమే చెబుతానని ప్రమాణం చేయించే చోట పనిచేస్తూ, ఆ మాట అన్నాను. ఆ రోజంతా అలాగే ఉండిపోయాను. నువ్వు ఇక్కడికి వస్తావు, ఆరు నెలలు నాతో ఉంటావు, నా వంట తింటావు అని లెక్కలు వేసుకున్నాను. నీ పదకొండో ఏట వదిలి వచ్చినదాన్ని కదా, ఆ ఆరు నెలలు నాకు రావలసినవే అనిపించింది. పరుపు ఎక్కడ వేయాలో కూడా చూసుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే ఈనెకె గదికి వెళ్ళాను. "పద్నాలుగో నంబరు నా కొడుకు," అన్నాను.

ఆమె కప్పు కింద పెట్టింది. "నిన్న అడిగాను కదా ఎతేరి."

"అడిగావు. అబద్ధం చెప్పాను."

ఈనెకె సొరుగు తీసింది. తర్వాత ఒక కాగితం నా ముందుకు జరిపింది. "నిన్న నువ్వన్నదీ, ఇవాళ నువ్వన్నదీ, రెండూ రాయి. మొదటిది చిన్నగా, రెండోది పెద్దగా రాయొద్దు. రెండూ ఒకేలా రాయి," అంది. రాసి సంతకం చేశాను. అది నా ఫైలులో ఉంది, ఉండవలసిందే. దరఖాస్తులు చదివే పనిలోంచి నన్ను తప్పించారు.

ఉద్యోగుల పిల్లలను తీసుకోకూడదన్నది ఇక్కడి నియమం. మొదటివాడైనా, చివరివాడైనా. నీకు వచ్చిన రెండు లైన్ల ఉత్తరం వెనక ఉన్నది ఇంతే. నీలో ఏమీ తక్కువ కాలేదు నాన్నా. అమ్మ ఉద్యోగం ఒకటి ఎక్కువైంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను వేసిన మార్కులు కొట్టేసి, ఈ సంగతి తెలియని ఇంకొకరి చేత మొత్తం మళ్ళీ చదివించారు. నాలుగు రోజుల తర్వాత ఈనెకె నన్ను మెట్ల దగ్గర ఆపింది. "వాడే మొదట. నీకు చెప్పాల్సిన పని లేదు, కానీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు," అంది. నేను బాత్‌రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. రెండో స్థానంలో ఉన్న సెనామి నీ కుర్చీలోకి వచ్చింది. ఆమెకు ఇవేవీ తెలియవు, తెలియకూడదు కూడా. నీకు చెప్పడానికి మాత్రం ఈనెకెను అనుమతి అడిగాను. "చెప్పు. మేం రాసింది రెండు లైన్లు, మిగతాది నువ్వు రాయి," అంది.

ఇక నీ దరఖాస్తులో ఖాళీగా వదిలేసిన గడి సంగతి. "ఇక్కడ మీ బంధువులెవరైనా పనిచేస్తున్నారా?" అన్న ప్రశ్న ఎదురుగా నువ్వు ఏమీ రాయలేదు. లేరని రాయడానికి నీకు చేతులు రాలేదు, ఉన్నారని రాస్తే దారి మూసుకుపోతుందని తెలుసు. అమ్మ పేరు చెప్పుకుని వచ్చాడని ఎవరూ అనకూడదనీ ఉండి ఉంటుంది. నాకు అర్థమైంది. కానీ సాక్షి మౌనంగా ఊరుకుంటే దాన్ని కూడా రికార్డులో రాసుకుంటాం. నిన్ను కోప్పడే అర్హత నాకు లేదు. నువ్వు ఒక గడి వదిలేశావు, నేను ఒక రోజు వదిలేశాను. ఇద్దరం ఇకముందు వదలకుండా ఉందాం.

స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టులో కూడా విద్యార్థులను తీసుకుంటారు. సముద్రం తగాదాలు తేల్చే కోర్టు హాంబర్గ్‌లో ఉంది. అక్కడెక్కడా నాకు తెలిసిన పిట్ట కూడా లేదు. ఆ పటం గురించి రాసిందే పంపు, ఆ పొడుగు వాక్యం ఒక్కటి రెండుగా విరువు. గడి ఉంటే నింపు.

ఒక బాధ మాత్రం నాకుంది. ఆ పెద్దాయన దగ్గర నువ్వు నాలుగు మధ్యాహ్నాలు కూర్చున్నావని నేను ఒక ముక్కూముఖం తెలియని మనిషి దరఖాస్తులో చదివి తెలుసుకున్నాను. ఇలాంటివి నాక్కూడా రాస్తూ ఉండు. నేను వానల గురించి మాట్లాడడం మానేస్తాను.

మార్కుల కాగితం కింద ఒక ఖాళీ ఉంటుంది, చదివినవాళ్ళ అభిప్రాయం రాయడానికి. నువ్వని తెలియక ముందు, ట్రాము చివరి స్టాపులో దిగి బల్ల మీద కూర్చుని, నేను అందులో ఇలా రాశాను: "ఈ విద్యార్థికి ఎదుటిమనిషి చెప్పేది ఓపికగా వినడం వచ్చు. ఇది ఏ కాలేజీలోనూ నేర్పరు. ఎవరో దగ్గరుండి పెంచారు." దగ్గరుండి పెంచింది నేను కాదు. ఆ వాక్యం నాన్నకూ, అత్తయ్యకూ గట్టిగా చదివి వినిపించు.

ఇట్లు,
నీకు మార్కులు వేసే హక్కు లేని,
మీ అమ్మ
ఎతేరి