లారీ రంగుల కవచం

నాగర్‌కర్నూల్,
17 ఆగస్టు 2008.

నిరంజన్ అన్నా,

నువ్వూ అమ్మా బాగున్నారని మొన్న ఫోన్లోనే తెలిసింది, మళ్లీ ఈ ఉత్తరం ఏంది అనుకుంటావు. ఇందులోని మాట చెబుదామనే రెండుసార్లు ఫోన్ చేశాను. నీ గొంతు వినగానే కొత్తకోటలో వానలు పడ్డాయా అని అడిగి పెట్టేశాను. కాగితం మీదైతే నువ్వు మధ్యలో మాట్లాడవు కదా అని రాస్తున్నాను.

నీ కవచాన్ని పాతసామాన్ల బండికి ఇచ్చింది అమ్మ కాదు. నేను.

దాన్ని నువ్వెట్లా చేశావో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. హైవే మీద లారీలకు రంగులు వేసి వచ్చి, వనపర్తి ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకున్న బొమ్మలు ముందర పరుచుకుని, చెప్పుల అడుగుకు వాడే రబ్బరు షీటు కోస్తూ కూర్చునేవాడివి. ఎక్కడెక్కడి దేశాల్లోనో మనుషులు అంతరిక్ష సైనికుల వేషాలు సొంతంగా చేసుకుంటారని, అది వాళ్లకు సరదా అని నువ్వు చెబితే అమ్మ పడీపడీ నవ్వింది. షీటును ఇస్త్రీపెట్టెతో వేడిచేసి బిందె మీద వంచి ఛాతీ ముక్క చేశావు. పాత మోటార్‌సైకిల్ హెల్మెట్‌ను కోసి తలకాయ చేశావు. లోపలి పట్టీలన్నీ నేనే కుట్టాను. వెండి రంగు వేసిన రోజు నాకు కళ్లు చెదిరాయి. నీకు మాత్రం నచ్చలేదు. "గిది దుకాణంల కొన్నట్టున్నది. యుద్ధం జేసొచ్చినట్టు లేదు" అన్నావు. పాతబడినట్టు కనిపించేలా చేయడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. నేను సాయం చేద్దామని ఇనుప మొలతో గీకబోతే చెయ్యి పట్టుకుని ఆపావు. "ఊకె గీకొద్దు పూర్ణా. లారీ డోరు జూడు, డ్రైవరు మోచెయ్యి పెట్టే కాడనే రంగు పోతది. గీ సైనికుని చెయ్యి యాడ తగులుతదో ఆడనే పోవాలె." సైలెన్సర్ మసి అద్దావు, ఇటుకపొడి అద్దావు, గుడ్డతో తుడిచి మళ్లీ అద్దావు. చివరికి అది రబ్బరంటే ఎవరూ నమ్మలేదు. హైదరాబాదులో సినిమా సెట్టింగులు చేసే బాలస్వామి గారు ఫొటో చూసి, ఆదివారం దాన్ని తీసుకుని రమ్మని కబురు పెట్టారు.

ఆ ముందు గురువారమే నన్ను చూడటానికి వచ్చారు.

పొద్దున పక్కింటి బుజ్జమ్మత్త వచ్చి, ముందుగదిలో నిలబెట్టి ఉన్న కవచాన్ని చూసి మూతి మీద చెయ్యి పెట్టుకుంది. "ఏందే గిది? ముప్పై ఏండ్లు రావట్టె, మీ అన్న ఇంక బొమ్మలు జేసుకుంట కూసున్నడా? పిల్లగాని తరపోల్లు జూస్తే గీ ఇంట్ల అందరికి పిచ్చి అనుకుంటరు" అంది. అప్పటికే రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. నాకు ఒళ్లంతా సిగ్గుతో మండింది. మధ్యాహ్నం అమ్మ నీళ్లకు పోయినప్పుడు వీధిలో బండివాడి కేక వినిపించింది. మంచం కింద దాచొచ్చు, బుజ్జమ్మత్త ఇంట్లో పెట్టొచ్చు. అవేవీ అప్పుడు తోచలేదని రాస్తే అబద్ధమవుతుంది. తోచాయి. కానీ అది అసలు మన ఇంట్లోనే లేకుండా పోవాలనిపించింది. బండివాడు హెల్మెట్ నెత్తిన పెట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను అన్నా. బదులుగా ఒక ప్లాస్టిక్ మగ్గు ఇచ్చి పోయాడు.

సాయంత్రం నువ్వు అడిగితే, "అమ్మ ఇల్లు సర్దుకుంట ఇచ్చేసినట్టున్నది" అన్నాను. అమ్మ నా ముఖం చూసింది. సంబంధం ఖాయమై గంట కూడా కాలేదు. "అవు బిడ్డా, తెల్వక ఇచ్చిన" అంది. నువ్వు ఆమెతో నెలరోజులు మాట్లాడలేదు. హైదరాబాదు పోలేదు. మళ్లీ షీటు ముట్టలేదు.

ఇన్నేళ్లకు ఇప్పుడెందుకంటే, మొన్న మా ఆయన నా సర్టిఫికెట్ల కోసం పెట్టె వెతుకుతుంటే నీ కవచం ఫొటో బయటపడింది. బడిలో సైన్సు చెప్పే మనిషి కదా, కిటికీ దగ్గరికి తీసుకుపోయి మరీ చూశాడు. "మీ అన్న జేసిండా? మేం జూడొచ్చిన్నాడు ఇంట్ల ఉండెనా గిది?" అని అడిగాడు. మధ్యాహ్నం దాకా ఉండె అన్నాను. "మరి జర చూపెట్టకపోతిరి! పొద్దుగూకే దాక ఆయనతోనే కూసుంటుంటి" అన్నాడు. ఎవరి కంట పడకూడదని దాన్ని వదిలించుకున్నానో ఆ మనిషే ఆ మాట అనేసరికి, లేచి వంటింట్లోకి పోయాను.

నన్ను క్షమించమని అడగడం లేదు. అమ్మ మీద కోపం మాత్రం తీసెయ్యి. అది నా మీద పడాల్సింది.

నీ చెల్లెలు,
పూర్ణిమ


కొత్తకోట,
29 ఆగస్టు 2008.

చెల్లె పూర్ణకు,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. జవాబు రాయడానికి కూర్చుంటే నిన్ను ఓదార్చే మాటలే ముందు వచ్చాయి. అవన్నీ చింపేశాను. నిన్ను ఓదార్చేంత పెద్దరికం నాకు లేదు.

ఇచ్చింది నువ్వేనని నాకు ఆ రోజే తెలుసు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వస్తున్నాను. మన గుమ్మం ముందు బండి ఆగి ఉంది. నువ్వు ఛాతీ ముక్కను రెండు చేతులతో ఎత్తి బండిలో పెడుతున్నావు. నేను కిరాణాకొట్టు పక్కనే ఆగిపోయాను. బండి నా ముందు నుంచే పోయింది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. బండివాడు నన్ను చూసి "ఏమన్న కావాల్నా అన్నా?" అని కూడా అడిగాడు. "ఏం లేదు, పో" అన్నాను.

నీ పెళ్లి కోసం వదులుకున్నానని అనుకోకు. అట్లా అనుకుంటే నాకు హాయిగానే ఉంటుంది, కానీ అది నిజం కాదు. ఆదివారం హైదరాబాదు పోవాలంటేనే నాకు భయం. కొత్తకోటలో అందరూ మెచ్చుకున్నారు సరే, బాలస్వామి గారు ఇట్లాంటివి వంద చూసిన మనిషి. వేలితో మీటి "రబ్బరే కదా" అంటే నాకు ఇంకేం మిగులుతుంది? బండి మలుపు తిరుగుతుంటే నాకు ఏడుపు రాలేదు పూర్ణా. భారం దిగినట్టైంది. ఇంక పోనక్కర్లేదు. పోనందుకు పదిమందికి చెప్పుకోవడానికి ఒక కారణం కూడా దొరికింది.

ఆ కారణం నిలవాలంటే ఎవరో ఒకరి మీద కోపం ఉండాలి. సాయంత్రం ఏమీ తెలియనట్టే అడిగాను. నువ్వు అమ్మ పేరు చెప్పావు, అమ్మ ఒప్పుకుంది, అబద్ధమని తెలిసీ నేను ఆమెతో మాట్లాడటం మానేశాను. ఆ తర్వాత కూడా, వేషాలు చేసుడు ఎందుకు మానేస్తివని ఎవరన్నా అడిగితే, అమ్మకు వినపడేటట్టే "ఇంట్ల ఉండనిస్తే కద" అన్నాను. నువ్వు ఒక్కసారి చెప్పిన అబద్ధాన్ని నేను మూడేళ్లు మోశాను, అదీ ఇష్టంగా.

నిన్న నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. నా సంగతీ చెప్పాను. ఆమె పల్లీలు ఒలుస్తోంది, చేతులు ఆపలేదు. "పూర్ణ భయపడ్డది. దాని ముఖం జూసిన, అందుకే నా నెత్తినేసుకున్న" అంది. తర్వాత నా వైపు చూడకుండా, "నువ్వు మాత్రం అంత తెల్సి కూడ నెలరోజులు దాబాల తిన్నవ్‌రా. దినాం నీకని అన్నం వండి, తెల్లారి నేనే తిన్న" అంది. చాట తీసుకుని లోపలికి పోయింది.

అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. ఇవాళ పొద్దున పళ్లెం పెట్టింది. నేను కూర్చోగానే లేచి బయటికి పోయింది. ఒక్కణ్నే తిన్నాను.

సెప్టెంబరు ఏడు, ఆదివారం నాడు నువ్వూ లక్ష్మణ్ బావా రండి. కవచం ఎట్లా చేశానో ఆయనకు చెబుతాను, ఎందుకు లేకుండా పోయిందో కూడా నేనే చెబుతాను. అమ్మకు నా తరఫున నువ్వేం సర్దిచెప్పొద్దు. ఆమె ఎన్ని రోజులు మాట్లాడకపోయినా ఈసారి నేను ఇంట్లోనే తింటాను.

నీ అన్న,
నిరంజన్